అరచేతి గుమ్మం

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడంలోని కష్టం ఇటుకలు పేర్చడంలో మాత్రమే లేదు. ఆ ఇంట మసలేవారి వయస్సు ఏమిటి, ఎత్తు ఎంత, అలవాట్లు ఎటువంటివి అని ముందుగా ఆలోచించడంలో ఉన్నది. గుమ్మం పొట్టిదైతే పొడగరి తల బొప్పి కడుతుంది. గడప ఎత్తైనదైతే వృద్ధుల కాలు తడబడుతుంది. గుమ్మం కట్టినవాడు ఎదురుగా లేకపోయినా అతని ఆలోచన, లేదా ఆలోచన లేమి, దాటే ప్రతి మనిషికీ తగులుతూనే ఉంటుంది.

నేడు మనుషులు దినమూ దాటే గుమ్మాలు అనేకం అరచేతిలోనే ఉన్నాయి. రైలు టిక్కెట్టు, కరెంటు బిల్లు, పరీక్షా ఫలితం, బ్యాంకు ఖాతా - వేటిని చేరాలన్నా సెల్‌ఫోను తెరను దాటి వెళ్ళవలసిన రోజులివి. ఆ తెర మీద కనిపించే యాప్ ఎంత పెద్దదైనా, దానిని కట్టే ఇటుకలు మాత్రం కొన్నే. అక్షరాలను చూపే పెట్టె, బొమ్మను చూపే పెట్టె, నొక్కడానికి బటన్, రాయడానికి గడి, టిక్కు పెట్టే చతురస్రం, ఆన్-ఆఫ్ స్విచ్, ఒకదాని కింద ఒకటిగా వరుసలు తీరిన జాబితా. బ్యాంకు యాప్ అయినా, ఆటల యాప్ అయినా విప్పి చూస్తే కనిపించేవి దాదాపు ఇవే.

ఆండ్రాయిడ్ పరిభాషలో ఇటువంటి ప్రతి ఇటుకనూ ‘వ్యూ’ అంటారు. వ్యూ అనేది తెర మీద ఒక దీర్ఘచతురస్రాకార స్థలం. దానికి రెండు బాధ్యతలు. తనను తాను చిత్రించుకొనడం ఒకటి, వేలి స్పర్శకు స్పందించడం మరొకటి. ఈ పెట్టెలను నిలువుగానో, అడ్డంగానో పేర్చడానికి కంటికి కనిపించని మరికొన్ని పెట్టెలు ఉంటాయి. పెట్టెలో పెట్టె, దానిలో మరొక పెట్టె - ఈ విధంగా యాప్ నిర్మాణమంతా కొమ్మలు, రెమ్మలు గల వృక్షంవలె విస్తరిస్తుంది. 2015లో వెలువడిన రియాక్ట్ నేటివ్, 2018లో తొలి స్థిర రూపం పొందిన ఫ్లట్టర్, 2019లో ఆపిల్ ప్రకటించిన స్విఫ్ట్ యూఐ, 2021లో స్థిరపడిన జెట్‌ప్యాక్ కంపోజ్ - పనిముట్లు మారాయి, పేర్లు మారాయి. ఇటుకలు మాత్రం మారలేదు.

ఈ ఇటుకలు సెల్‌ఫోనుతో పుట్టినవి కావు. 1973లో జిరాక్స్ సంస్థ పరిశోధకులు నిర్మించిన ఆల్టో కంప్యూటర్, 1984లో ఆపిల్ విడుదల చేసిన మాకింటోష్ ఇందుకు దారి తీశాయి. ఇంకా వెనుకకు వెళితే కొన్నింటి మూలాలు సామాన్య వస్తువులలో కనిపిస్తాయి. అనేక అంశాలలో ఒక్కదానినే ఎంచుకొనడానికి వాడే గుండ్రని గుర్తును ‘రేడియో బటన్’ అంటారు. పాతకాలపు కారు రేడియోలలో ఒక మీట నొక్కితే అంతకు ముందు నొక్కిన మీట తనంతట తానే పైకి లేచేది. ఆ మీటల పేరే తెర మీది గుర్తుకు వచ్చింది. చేతికి అలవాటైన వస్తువును కంటికి చూపి, కొత్త పనిని సులువు చేయడమే ఆనాటి నిర్మాతల ఉద్దేశం. అయితే ఎవరి చేతికి అలవాటైన వస్తువు? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా దీని పర్యవసానాలు చిన్నవి కావు.

కృష్ణా తీరాన ఒక పల్లెలో ఇంటర్మీడియట్ చదివే ఒక విద్యార్థినికి ఈ ప్రశ్న తన ఇంటి పశువుల కొట్టంలోనే ఎదురైంది. ఆమె అమ్మమ్మకు రెండు గేదెలు. పదకొండు ఇళ్ళకు వాడుక పాలు పోస్తుంది. ఏ ఇంటికి ఏ రోజు ఎన్ని పాలు పోసినదీ కొట్టం గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి ఉంచుతుంది. గీత ఒకటికి అరలీటరు. పాలు వద్దన్న రోజున సున్న. నెల తిరగగానే గీతలు లెక్కించి డబ్బు వసూలు చేసుకొంటుంది. మనుమరాలు సెలవులలో యాప్‌లు తయారు చేయడం నేర్చుకొన్నది. గోడ మీది పద్దును ఫోనులోకి ఎక్కించాలని ఆమెకు కోరిక కలిగింది. వారం రోజులలో యాప్ సిద్ధమైంది. ఒక జాబితా, నాలుగు గడులు, మూడు బటన్లు. చూడడానికి ముచ్చటగా ఉన్నది.

అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకొని తెర వంక చూసింది. రాత్రిబడిలో నేర్చిన తెలుగు అక్షరాలు ఆమెకు వచ్చు. కానీ తెర మీద ఒక్క తెలుగు అక్షరమూ లేదు. ‘సబ్మిట్’, ‘క్యాన్సిల్’ అన్న మాటలు ఇంగ్లీషు లిపిలో ఉన్నాయి. మనుమరాలు వాటిని చదివి అర్థం చెప్పింది. తరువాత గడుల దగ్గరకు వచ్చారు. పాఠంలో చూసిన నమూనా ప్రకారం ఆమె ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గడులు పెట్టింది.

“చివరి పేరేమిటే? మనిషికి చివర కూడా ఒక పేరు పెడతారా?” అన్నది అమ్మమ్మ.

మనుమరాలు నవ్వినది గానీ ఆలోచనలో పడింది. తెలుగువారి ఇంటిపేరు సాధారణంగా ముందే వస్తుంది. పలువురు దానిని ఒక్క అక్షరంగా కుదించి రాసుకొంటారు. ‘చివరి పేరు’ అన్న గడి ముందు ఆగి, ఏది రాయాలో తోచక తికమకపడిన తెలుగువారు తక్కువేమీ కాదు. అమ్మమ్మ పద్దులో ఇంటిపేర్ల ప్రసక్తే లేదు. ‘మాస్టారిల్లు’, ‘కొట్టు సుబ్బయ్య’, ‘కాలవగట్టు లక్ష్మి’ - ఆమె ఎరిగిన పేర్లు ఇవి. రెండు గడులు ఒకటయ్యాయి. రాసే గడి కేవలం అక్షరాలను స్వీకరించే స్థలం కాదు. అది ఎదుటివారిని ‘మీరెవరు?’ అని అడిగే ప్రశ్న. ప్రశ్నలో పొరపాటు ఉంటే సరియైన జవాబు రాదు.

పిమ్మట బటన్ల మీది మాటలు తెలుగులోకి మారాయి. ‘క్యాన్సిల్’ స్థానంలో ‘రద్దు చేయి’ అని వచ్చింది. అమ్మమ్మ అది చదివి, “నీ ఫోను నన్ను ‘నువ్వు’ అంటున్నదే!” అని నవ్వింది. ఇంగ్లీషు క్రియకు ఈ చిక్కు లేదు. తెలుగు క్రియ పలికిన మరుక్షణమే గౌరవాగౌరవాలు బయటపడతాయి. తెలుగులో బటన్ మీద మాట రాయడమంటే ఎదుటివారిని ఏ విధంగా పిలవాలో నిర్ణయించడమే. ‘రద్దు చేయండి’, ‘సమర్పించండి’ అని మార్చగానే మరొక చిక్కు వచ్చి పడింది. చిన్న ఇంగ్లీషు మాటకు కొలిచి చేసిన పెట్టెలో పొడుగాటి తెలుగు మాట పట్టక సగంలో తెగిపోయింది. పెట్టెకు కచ్చితమైన కొలత ఇవ్వకుండా, లోపలి మాటను బట్టి అది పెరిగేటట్లు రాయాలని ఆమె అప్పుడు గ్రహించింది.

వెడల్పు కుదిరిన తరువాత ఎత్తు కుదరలేదు. తెలుగు లిపిలో గుణింతపు గుర్తులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. ‘లక్ష్మి’ అన్న పేరులో మకారపు వత్తు కింది వరుసలోని గీతకు తగిలి అరిగిపోయినట్లు కనిపించింది. కంప్యూటర్ దృష్టిలో తెలుగు అక్షరం మనం చూసే రూపంలో ఉండదు. ‘స్త్రీ’ అన్నది మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్ విధానంలో అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫం, దీర్ఘపు గుడి - మొత్తం 6 సంకేతాల కూర్పు. ఈ ఆరింటినీ కలిపి ఒక అందమైన రూపంగా తెర మీద నిలబెట్టడం ‘అక్షరాలను చూపే పెట్టె’ వెనుక జరిగే పని. అన్ని ఇటుకలలోనూ సామాన్యంగా కనిపించేది అదే. నిజానికి అత్యంత క్లిష్టమైన పని చేసేది కూడా అదే.

ఈ సంగతి 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటికీ తెలిసింది. ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరపు సంకేతాల నడుమ, అక్షరాలు కలవకుండా ఆపే కంటికి కనిపించని ఒక గుర్తు చేరినపుడు, ఆనాటి ఐఫోన్లు ఆ రూపాన్ని చిత్రించలేకపోయాయి. ఆ సందేశం వచ్చిన యాప్ వెంటనే మూతపడేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూతపడేది. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 కూర్పును విడుదల చేసి లోపాన్ని సవరించింది. పత్రికలు దీనిని ‘తెలుగు బగ్’ అని పిలిచాయి. దోషం తెలుగుది కాదు. కోట్లమంది రాసే లిపిని మోయవలసిన పెట్టె, ఆ బరువుకు తగినట్లు పరీక్షింపబడలేదు. జ్ఞానమనే మాటలోని తొలి అక్షరమే ఈ లోపాన్ని బయటపెట్టడం ఒక విచిత్రం.

అక్షరాలు చక్కబడినా అమ్మమ్మ చేతికి యాప్ ఇంకా లొంగలేదు. ఏళ్ళ తరబడి పాలు పితికి మొద్దుబారిన బొటనవేలు ఒక బటన్‌ను నొక్కబోయి మరొకదానిని నొక్కుతున్నది. తప్పు తన వేలిదే అనుకొన్నది ఆమె. గురి చేరడానికి పట్టే కాలం దాని దూరాన్ని, పరిమాణాన్ని బట్టి ఉంటుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే నిరూపించాడు. గురి చిన్నదైతే గురి తప్పడం సహజం. అందువల్లనే నొక్కే స్థలం కనీసం 44 పాయింట్ల పొడవు, వెడల్పు కలిగి ఉండాలని ఆపిల్ సంస్థ, 48 డీపీలు ఉండాలని గూగుల్ సంస్థ తమ మార్గదర్శకాలలో సూచించాయి. 48 డీపీలంటే తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు. మనుమరాలు పెట్టిన బటన్లు అందులో సగం కూడా లేవు. తన సన్నని వేలికి అవి సరిపోయాయి గనుక అందరికీ సరిపోతాయని ఆమె భావించింది.

కంటి విషయంలోనూ అదే జరిగింది. తెల్లని నేపథ్యం మీద లేత బూడిదరంగు అక్షరాలు ఆమెకు నాజూకుగా తోచాయి. అమ్మమ్మకు అవి కనిపించనే లేదు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, సాధారణ పరిమాణంలో ఉన్న అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంతి నిష్పత్తి 4.5:1 కన్నా తగ్గరాదు. నలుపు తెలుపుల మధ్య అది 21:1. చూపు లేనివారి కోసం ఫోన్లు తెర మీది మాటలను పైకి చదివి వినిపిస్తాయి. ఐఫోన్‌లో ‘వాయిస్ ఓవర్’, ఆండ్రాయిడ్‌లో ‘టాక్‌బ్యాక్’ 2009 నుండి ఈ సేవ చేస్తున్నాయి. బొమ్మ మాత్రమే ఉన్న బటన్‌కు నిర్మాత పేరు రాయకపోతే అవి ‘బటన్’ అని మాత్రమే పలుకుతాయి. ఊరి పేరు లేని బస్సు ఎక్కినవాని వలె వినేవారు ఏమి చేయాలి?

ఇన్ని దిద్దుబాట్లు జరిగిన తరువాత అమ్మమ్మ యాప్‌ను వాడడం మొదలుపెట్టింది. మూడు వారాలు సాఫీగా గడిచాయి. ఒకనాటి ఉదయం ఆమె ముఖం వెలవెలబోయింది. జాబితాలో మాస్టారిల్లు లేదు. ఆ ఇంటికి పోసిన ఇరవై రెండు రోజుల పాల లెక్క మాయమైంది. ఏమి నొక్కావని మనుమరాలు అడిగింది.

“పాలు పోశాను గదా అని పాలక్యాను బొమ్మ నొక్కానమ్మా” అన్నది అమ్మమ్మ.

ప్రతి పేరు పక్కనా మనుమరాలు చెత్తబుట్ట బొమ్మ పెట్టింది. తీసివేయడానికి గుర్తుగా చెత్తబుట్ట 1984 నాటి మాకింటోష్ తెర మీదనే ఉన్నది. బల్ల పక్కన మూత, పిడి ఉన్న డబ్బాను ఎరిగినవారికి అది చెత్తబుట్ట. తెల్లవారుజామున లేచి పాలు మోసే మనిషికి మూత, పిడి ఉన్న డబ్బా పాలక్యాను కాక మరేమవుతుంది? అమ్మమ్మ తప్పుగా చదవలేదు. తన జీవితం నేర్పిన విధంగా సరిగ్గానే చదివింది. బటన్ నొక్కగానే యాప్ ఆమెను ఏమీ అడగలేదు. ‘నిజంగా తీసివేయమంటారా?’ అన్న ఒక్క వాక్యమైనా లేదు. వెనుకకు తీసుకొనే దారి లేదు.

మనుమరాలి కళ్ళు చెమర్చాయి. నెల రోజుల పాల డబ్బు గేదెల దాణాకు, తన కళాశాల బస్సు ఛార్జీలకు ఆధారమని ఆమెకు తెలుసు. మాస్టారింటివారు మంచివారే. అయినా లెక్క లేని బాకీని ఏ ముఖంతో అడగడం? ఆమె తల వంచుకొని నిలబడగా, అమ్మమ్మ మెల్లగా కొట్టంలోకి నడిచింది. గేదెల కుడితి తొట్టి వెనుక, పక్కగోడ మీద సుద్దగీతలు ఉన్నాయి. మాస్టారింటివి ఇరవై రెండు రోజుల గీతలు. మిగిలిన పది ఇళ్ళవీ ఉన్నాయి.

“నీ మనస్సు నొచ్చుకుంటుందని చెప్పలేదే తల్లీ” అన్నది అమ్మమ్మ.

ఆ సాయంత్రం మనుమరాలు చాలాసేపు ఆ గోడ ముందు కూర్చున్నది. ప్రతి ఇంటికీ ఒక నిర్ణీత స్థానం ఉన్నది. గీతలు వేలెడంత పొడవున్నాయి, లాంతరు వెలుగులో సైతం కనిపిస్తాయి. తప్పుగా గీస్తే తడివేలితో తుడిచి మళ్ళీ గీయవచ్చు. ఒక గీత చెరిగినంత మాత్రాన ఇల్లంతా చెరిగిపోదు. కంప్యూటర్ ఎరుగని అమ్మమ్మ తన చేతికి, తన కంటికి, తన మరపుకు తగిన పద్దును తానే నిర్మించుకొన్నది. మనుమరాలు గోడను యాప్‌లోకి ఎక్కించాననుకొన్నది. నిజానికి గోడలోని మేలిగుణాలన్నింటినీ వెలుపలనే వదిలివేసింది.

ఈ పశువుల కొట్టంలో జరిగినది పొరపాటు. లోకంలో ఇటువంటివి అన్నీ పొరపాట్లు కావు. అంగీకారపు చతురస్రంలో ముందుగానే టిక్కు పెట్టి ఉంచడం, ‘వద్దు’ అన్న బటన్‌ను లేత రంగులో దాచడం, కొనని వస్తువును బుట్టలో చేర్చడం కొందరు బుద్ధిపూర్వకంగా చేసే పనులు. ముందే టిక్కు పెట్టిన గడి సమ్మతి కాజాలదని ఐరోపా న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. ఇటువంటి 13 రకాల మోసపు పోకడలను నిషేధిస్తూ భారత ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. అదే సంవత్సరం పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, సమ్మతి కోరే సూచనను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే అవకాశం కల్పించాలని పేర్కొన్నది. ఆ భాషలలో తెలుగు ఒకటి. ఒక చతురస్రం, ఒక టిక్కు - పిట్ట కొంచెం, కూత ఘనం. వాటి వెనుక మనిషి సొమ్ము, మాట, సమ్మతి ఉన్నాయి గనుకనే చట్టాలు వాటిని పట్టించుకోవలసి వచ్చింది.

మనుమరాలు యాప్‌ను మళ్ళీ మొదటి నుండి కట్టింది. ఈసారి ముందుగా తెరను గీయలేదు. రెండు రోజులు అమ్మమ్మ వెంట పాల ఇళ్ళకు తిరిగింది. పాలక్యాను బొమ్మ అమ్మమ్మ అనుకొన్న పనికే వచ్చింది. దాని కింద ‘పోశాను’ అన్న మాట చేరింది. ఒకసారి నొక్కితే అరలీటరు, తెర మీద ఒక గీత. ఇంటిని తీసివేసే బటన్ జాబితా నుండి తొలగి లోపలి పేజీకి వెళ్ళింది. దానిని నొక్కితే ‘ఈ ఇంటి పద్దు మొత్తం తీసివేయమంటారా?’ అని యాప్ అడుగుతుంది. జవాబుగా ‘అవును’, ‘కాదు’ అన్న ముక్తసరి మాటలు లేవు. ‘తీసివేయండి’, ‘ఉంచండి’ అన్న స్పష్టమైన మాటలు ఉన్నాయి. తీసివేసిన తరువాత కూడా ముప్పై రోజుల వరకు దానిని తిరిగి తెచ్చుకొనవచ్చు. ఇటుకలు పాతవే. వాటిని పేర్చిన చేతి వెనుక మరొక మనిషి తలపు వచ్చి చేరింది.

సంక్రాంతికి కొట్టం గోడలకు వెల్లవేశారు. పండుగ వెళ్ళిన మరునాడే అమ్మమ్మ తెల్లని గోడ మీద మళ్ళీ గీతలు మొదలుపెట్టింది. మనుమరాలు చూసి కూడా ఏమీ అనలేదు. నెలాఖరున గోడ లెక్క, ఫోను లెక్క ఇద్దరూ కలిసి సరిచూసుకొన్నారు. పదకొండు ఇళ్ళకూ సరిపోయింది. తరువాతి నెల ఒకటవ తేదీ గడిచింది, రెండవ తేదీ గడిచింది. మూడవనాటి ఉదయం మనుమరాలు కొట్టంలోకి వెళ్ళి చూసింది. గోడ తెల్లగా ఉన్నది. సుద్దముక్క మాత్రం కిటికీ గూటిలో, చేతికి అందేటట్లు, భద్రంగా ఉన్నది.